బల్లమీది పటం, తెరమీది పటం

హైదరాబాదుకు వాయవ్యంగా, సంగారెడ్డి జిల్లాలో, కాజీపల్లి, బొల్లారం, గడ్డపోతారం ప్రాంతాల చుట్టూ రసాయనిక కర్మాగారాలు గుంపులుగా ఉన్నవి. మందుల దుకాణంలో మనం కొనే మాత్రలో అసలు పనిచేసే పదార్థం ఒక భాగం మాత్రమే. తక్కినది దానిని మోసే పిండి, చక్కెర వంటి వస్తువులు. ఆ అసలు పదార్థాన్ని పరిశ్రమలో ‘బల్క్ డ్రగ్’ అంటారు. ఈ ప్రాంతపు కర్మాగారాలు అనేకం చేసేది దానినే. 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అనే ప్రభుత్వ సంస్థ సోవియట్ సహకారంతో బాలానగరులో ఒక కర్మాగారాన్ని నెలకొల్పినది. అందులో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు పలువురు తరువాతి కాలంలో బయటికి వచ్చి ఈ పరిశ్రమకు పునాదులు వేసినారు.

ఇటువంటి కర్మాగారంలో ఒక కొత్త మందు తయారీని మొదలుపెట్టే ముందు ఐదారుగురు ఒక గదిలో చేరుతారు. ప్రక్రియను ప్రయోగశాలలో రూపొందించిన రసాయన శాస్త్రజ్ఞుడు ఒకరు, యంత్రాలను చూచే ఇంజనీరు ఒకరు, విద్యుత్తు పరికరాలు తెలిసినవారు ఒకరు, ఉత్పత్తి విభాగపు షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఒకరు, భద్రతాధికారి ఒకరు. అదృష్టం బాగుంటే రియాక్టరు దగ్గర ప్రతిరోజూ నిలబడే ఆపరేటరు కూడా ఒకరు. వీరి ముందు ఒక పటం ఉంటుంది. ఏ తొట్టి నుండి ఏ గొట్టం బయలుదేరి, ఏ వాల్వు దాటి, ఏ పంపు ద్వారా ఏ రియాక్టరుకు చేరుతుందో అన్నీ గీతలతో, గుర్తులతో చూపే పటమది. పరిశ్రమలో దీనిని పి. అండ్ ఐ.డి. అంటారు. కొంతకాలం క్రిందటి వరకు ఆ పటం బల్లమీద పరచిన పెద్ద కాగితం. ఇప్పుడు చాలాచోట్ల అది గోడమీది తెరకు ఎక్కినది. గదిలో ముగ్గురుంటే, నగరంలోని కార్యాలయం నుండి మరి ముగ్గురు తమతమ కంప్యూటర్లలో అదే పటాన్ని చూస్తూ మాట్లాడుతారు.

కాగితం మేలా, తెర మేలా అన్నది పైకి కార్యాలయపు సామాను కొనుగోలు వ్యవహారంవలె కనిపిస్తుంది. కాని ఆ గదిలో అడగవలసిన ప్రశ్న ఒకటి అడగకుండా ఉండిపోతే దాని ఫలితం అనుభవించేది యంత్రం పక్కన నిలబడే మనిషి. ఇదే పారిశ్రామిక ప్రాంతంలోని పాశమైలారంలో 2025 జూన్ 30న ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా మరణించినారు. వారిలో దూర రాష్ట్రాల నుండి పనికోసం వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఆ ప్రమాదానికి కారణాలను నిర్ణయించడం విచారణ జరిపేవారి పని. అటువంటివి ముందుగా ఊహించడం ఎట్లా అన్నదే ఇక్కడి విషయం.

ప్రయోగశాలలో ఒక లీటరు గాజు కుప్పెలో చక్కగా జరిగిన రసాయనిక చర్య పెద్ద రియాక్టరులో కూడా అట్లాగే జరుగుతుందని అనుకోరాదు. వేడిని పుట్టించే చర్యల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక పాత్ర పొడవును, వెడల్పును, ఎత్తును పదేసి రెట్లు పెంచితే దాని పరిమాణం వెయ్యి రెట్లవుతుంది. పైతలం మాత్రం నూరు రెట్లే అవుతుంది. వేడి పుట్టేది లోపలి ద్రవమంతటిలోను. అది బయటికి పోయేది గోడల గుండా మాత్రమే. అంటే ఒక్కొక్క లీటరు వంతుకు వచ్చే గోడ పదోవంతుకు పడిపోతుంది. కుప్పెను చన్నీళ్ళలో ముంచితే చల్లబడిన ద్రవం, రియాక్టరు చుట్టూ చల్లని ఉప్పునీరు తిప్పినా చల్లబడకపోవచ్చు. వేడెక్కినకొద్దీ చర్య వేగం పెరుగుతుంది. పది డిగ్రీలకు సుమారు రెండింతలు అవుతుందని ఒక ముతక లెక్క. వేగం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఈ వలయం ఒకసారి బిగిసిందంటే దానిని ఆపడం మనిషి చేతిలో ఉండదు.

ఇందుకు విరుగుడుగా, కలపవలసిన రెండు ద్రవాలను ఒక్కసారిగా కలపరు. మొదటిదానిని రియాక్టరులో పోసి, రెండవదానిని పైనున్న చిన్న తొట్టి నుండి సన్నని ధారగా వదులుతారు. పడ్డది పడ్డట్టు చర్యలో ఖర్చయిపోతే వేడి అదుపులో ఉంటుంది. అట్లా ఖర్చు కావాలంటే లోపలి స్టిరర్ తిరుగుతూ ఉండాలి. ఇక్కడ ఒక చిక్కున్నది. కరెంటు పోయిందనుకొందాం. స్టిరర్ ఆగిపోతుంది. పై తొట్టిలోని ద్రవం దిగడానికి మాత్రం కరెంటు అక్కరలేదు. అది తన బరువుతో తానే దిగుతుంది. కలియకుండా అడుగునో పైననో పొరగా నిలిచిపోతుంది. పావుగంట తర్వాత కరెంటు వచ్చి స్టిరర్ మళ్ళీ తిరిగితే, ఆ పేరుకొన్నదంతా ఒక్కసారిగా కలిసిపోతుంది. గంటలమీద రావలసిన వేడి నిమిషాలలో వస్తుంది.

ఈ సంగతి ఎవరికి తెలుసు? శాస్త్రజ్ఞునికి చర్యలోని వేడి తెలుసు. అతని ప్రయోగశాలలో కరెంటు పోతే ధారను చేతితో ఆపగలడు. విద్యుత్తు ఇంజనీరుకు స్టిరర్ ఆగుతుందని తెలుసు. లోపల ఏమున్నదో తెలియదు. కరెంటు పోయినప్పుడు నిజంగా ఏమవుతున్నదో రాత్రి షిఫ్టు ఆపరేటరుకు తెలుసు. అది అపాయమని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ముగ్గురి తెలివి ఒకచోట కలిస్తేనే అపాయం కనిపిస్తుంది. రూపకల్పనను నలుగురు కూడి చేయడం ఇందుకు. మర్యాద కోసం కాదు.

కూడి ఆలోచించే ఈ పనిని ఒక క్రమంలో పెట్టిన గౌరవం ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ఇంజనీర్లకు దక్కుతుంది. 1963లో ఆ సంస్థవారు ఫినాల్ తయారుచేసే కర్మాగారం ఒకటి రూపొందిస్తూ, ఒక చిన్న బృందాన్ని పటాల ముందు కూర్చోబెట్టినారు. వారానికి మూడు పూర్తి రోజుల చొప్పున నాలుగు నెలలపాటు ఆ బృందం గీత గీతనూ పరిశీలించినది. ప్రశ్నలతో, జవాబులతో కట్టలకొద్దీ కాగితాలు నింపినది. ఎవరూ ఊహించని అపాయాలు, నడపడంలోని ఇబ్బందులు ఎన్నో బయటపడినవి. ఈ పద్ధతికి తర్వాత ‘హాజాప్’ అనే పేరు స్థిరపడినది. దానిని లోకానికి పరిచయం చేసినవారిలో ట్రెవర్ క్లెట్జ్ ముఖ్యుడు.

హాజాప్‌లో కొన్ని సూచక పదాలు ఉంటవి: లేదు, ఎక్కువ, తక్కువ, తిరగబడి, అదనంగా, కొంత మాత్రమే, వేరొకటి. పటంలోని ఒక్కొక్క గీతకు ఈ మాటలను వరుసగా తగిలించి అడుగుతారు. పై ఉదాహరణలోని సన్నని ధారనే తీసుకొందాం. ప్రవాహం ‘లేదు’ అయితే? ఆ విడత సరుకు పాడవుతుంది, అంతే. ‘ఎక్కువ’ అయితే? వేడి మితి మీరుతుంది. వాల్వు అరిగి సరిగా మూసుకోకపోతే ఇట్లా కావచ్చు. ‘తిరగబడితే’? రియాక్టరులో పీడనం పెరిగి లోపలిది పై తొట్టిలోకి ఎగదన్నవచ్చు. ‘వేరొకటి’ వస్తే? ఒకే రంగు పీపాలలో రెండు ద్రవాలు పక్కపక్కన నిలవ ఉంటే ఇది అసంభవం కాదు. ‘అదనంగా’ ఏదైనా చేరితే? రియాక్టరు లోపలి గాజుపూత చిట్లి, ఉక్కుకు చిల్లుపడి, చుట్టూ తిరిగే ఉప్పునీరు లోనికి రావచ్చు. చూడడానికి బాలశిక్ష పాఠంవలె ఉన్నది. కాని తెలివైనవాడికి తోచినప్పుడే తోచే ప్రశ్నలను ఈ పద్ధతి అందరికీ, ప్రతి గీతకూ తోచేటట్లు చేస్తుంది.

ఇక కాగితం, తెరల సంగతి.

ఏ-0 అనే పెద్ద కాగితం వైశాల్యం సరిగా ఒక చదరపు మీటరు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వైశాల్యం అందులో పద్దెనిమిదో వంతు. తెరమీద పటాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు, నిజమే. కాని పెద్దది చేసినకొద్దీ చుట్టుపక్కల ఉన్నది అంచు దాటి పోతుంది. రియాక్టరు కనిపించేటప్పుడు దానికి ఉప్పునీరు పంపే పంపు కనిపించదు. బల్లమీది కాగితంలో రెండూ ఏకకాలంలో కళ్ళముందు ఉంటవి. ఒకరు ఒక మూల గురించి మాట్లాడుతుండగా మరొకరి చూపు ఇంకొక మూలకు పోయి, ‘మరి ఈ గొట్టం ఎక్కడికి పోతుంది?’ అన్న ప్రశ్న పుడుతుంది. తెరమీద చూపించే పెత్తనం ఒక్కరిదే. ఆయన ఎక్కడికి జరిపితే అందరి చూపు అక్కడికే.

అంతకంటె ముఖ్యమైనది వేలు. కాగితం మీద ఎవరైనా వేలు పెట్టి చూపవచ్చు. గడ్డపోతారంవంటి చోట ఇది చిన్న విషయం కాదు. పటంమీది అక్షరాలు ఇంగ్లీషు. సమావేశంలో మాటలు సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఆపరేటరు ఒడిశా నుండో బీహారు నుండో వచ్చినవాడైతే మధ్యలో కొంత హిందీ. కీబోర్డు ముందు కూర్చోమంటే వెనుకకు తగ్గే మనిషి, కాగితం ముందుకు వచ్చి, ‘ఇగో, ఈ వాల్వు బిగుసుకుంటది సార్, సుత్తెతోని కొట్టి తిప్పుతం’ అని వేలు పెట్టి చెప్పగలడు. ఆ ఒక్క వాక్యం పది పుటల నివేదికకు సమానం.

అయితే కాగితాన్నో సుద్దనో పట్టుకొన్నంత మాత్రాన అపాయం తప్పదు. ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో అనే చోట సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవంతో పనిచేసే ఆరు రియాక్టర్లు వరుసగా ఉండేవి. 1974 మార్చిలో ఐదవదానికి బీట కనిపించినది. దానిని తొలగించి, నాలుగవదానిని, ఆరవదానిని ఒక వంకర గొట్టంతో కలిపినారు. ఆ గొట్టానికి గీసిన పటం అంతా వర్క్‌షాపు నేలమీద సుద్దతో గీసిన నిలువెత్తు బొమ్మ మాత్రమే. రియాక్టర్ల ద్వారాలు 28 అంగుళాలవి. అతికిన గొట్టం 20 అంగుళాలది. రెండు కొసలా మడతలు పడ్డ సాగే అతుకులు. లోపలి పీడనానికి అటువంటి వంకర గొట్టం మెలి తిరగజూస్తుందన్న లెక్క ఎవరూ వేయలేదు. ఆ లెక్క వేయగల యంత్ర ఇంజనీరు పదవి ఆ రోజుల్లో ఖాళీగా ఉండెను. జూన్ 1న గొట్టం తెగి, ఆవిరి మేఘం అంటుకొని, 28మంది మరణించినారు. ఆ రోజు శనివారం కాకుంటే ఆ సంఖ్య ఎంతో పెరిగేది.

నేలమీద సుద్దబొమ్మ నలుగురూ చుట్టూ నిలబడి చూడదగినదే. లోపం బొమ్మలో కాదు. దాని చుట్టూ నిలబడవలసినవారిలో ఒకరు లేరు. మిగిలినవారికి ఆ లేనివారి ప్రశ్న తోచలేదు. పైగా నేల తుడిస్తే పోయే పటం రేపటివారికి ఏమీ చెప్పదు.

నలుగురు ఒకచోట చేరితే ఆలోచనలు పెరుగుతవా అన్న దానిపై మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలు కూడా ఉన్నవి. వారి ఫలితాలు కొంత ఆశ్చర్యకరమైనవి. మేధోమథనం అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అలెక్స్ ఆస్‌బర్న్ అనే అమెరికన్ ప్రకటనల వ్యాపారి. గుంపులో చేరితే మనిషికి రెండింతల ఊహలు తోస్తవని ఆయన వాదం. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దీనిని పరీక్షించినారు. నలుగురేసి కలిసి ఆలోచించిన బృందాలు ఒక పక్క. విడివిడిగా ఆలోచించిన నలుగురి ఊహలను, మళ్ళీ మళ్ళీ వచ్చినవి తీసివేసి, ఒకచోట చేర్చిన జాబితా ఒక పక్క. రెండింతలకు దగ్గరగా ఎక్కువ ఊహలు వచ్చినది విడివిడిగా ఆలోచించినవారికే!

ఎందువల్ల? 1987లో జర్మనీలో డీల్, స్ట్రోబే అనే పరిశోధకులు దీనిని విడదీసి చూచినారు. మనుషులను వేరువేరు గదులలో కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతున్నప్పుడు తక్కినవారికి దీపం వెలిగేటట్లు, అది వెలుగుతుండగా నోరు తెరవరాదన్నట్లు ఏర్పాటు చేసినారు. ఈ నిరీక్షణ ఒక్కటే ఊహలను సగానికి దగ్గరగా తగ్గించడానికి చాలినది. ఒకరు మాట్లాడితే పదిమంది వినాలి. తన వంతు వచ్చేసరికి తోచిన సంగతి మరచిపోవడమో, అప్రస్తుతమని మానుకోవడమో జరుగుతుంది. పెద్దమనిషి సుదీర్ఘంగా మాట్లాడే సభలకు పోయినవారికి దీనిని పరిశోధన చేసి నిరూపించనక్కరలేదు.

కంప్యూటరు నిజంగా ఉపకరించేది ఇక్కడ. అందరూ ఏకకాలంలో టైపు చేస్తూ, ఒకరి ఊహలను ఒకరు తెరమీద చదువుతూ ఉంటే వంతు కోసం కాచుకోనక్కరలేదు. 1990ల మొదట్లో అమెరికా, కెనడాలలో జరిగిన ప్రయోగాలలో, పన్నెండుమందివంటి పెద్ద బృందాలు నోటితో మాట్లాడినప్పటికంటె కంప్యూటరుపై ఎక్కువ ఊహలు ఇచ్చినవి. పేరు కనబడకుండా వ్రాసే ఏర్పాటు ఉంటే మేనేజరుకు జంకే చిన్న ఉద్యోగి కూడా తన సందేహాన్ని బయటపెడతాడు. నేటి మిరో, మ్యూరల్ వంటి తెరమీది బల్లలు ఈ వరుసలోవే. కాని ఈ సౌకర్యానికి కంప్యూటరే కావలెనని లేదు. ఒక్కొక్క ఊహను ఒక్కొక్క చీటీపై వ్రాసి, అందరి చీటీలను బల్లమీద పరచి, దగ్గరివాటిని దగ్గరగా చేర్చే పద్ధతిని జపానులో కవాకితా జిరో అనే మానవ శాస్త్రవేత్త 1960లలోనే వ్యాప్తిలోకి తెచ్చినాడు. చీటీల మీద ఒడియాలో వ్రాసినా తెలుగులో వ్రాసినా పక్కవారు చదివి చెప్పగలరు.

దూరం నుండి తెర ద్వారా కలిసేవారి సంగతి వేరు. బ్రక్స్, లెవావ్ అనే ఇద్దరు పరిశోధకులు 2022లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించినారు. ఇద్దరిద్దరిని జంటలు కట్టి, కొన్ని జంటలను ఒకే గదిలో, కొన్నింటిని వేరు గదులలో వీడియో ద్వారా ఆలోచించమన్నారు. ఎగిరే ప్లాస్టిక్ పళ్ళెంవంటి వస్తువుకు కొత్త ఉపయోగాలు చెప్పమన్నారు. వీడియో జంటలకు తక్కువ ఊహలు తోచినవి. వారి చూపులను కొలిచి చూస్తే, అవి ఎక్కువసేపు ఎదుటివారి ముఖానికే అంటుకొని ఉన్నవి. గదిలో పెట్టిన వింత వస్తువులను వారు అంతగా గుర్తుపెట్టుకోలేదు. చూపు తెరకు బిగిస్తే ఆలోచన కూడా బిగుస్తుందని పరిశోధకుల వివరణ. ఒక పెద్ద టెలిఫోను సంస్థకు చెందిన ఇంజనీర్ల జంటలతో, యూరపు, పశ్చిమాసియా, దక్షిణాసియాలలోని ఐదు దేశాలలో చేసిన పరీక్షలో కూడా ఇదే ఫలితం వచ్చినది. అయితే తోచిన ఊహలలో మంచిదానిని ఎన్నుకొనే పనిలో వీడియో జంటలు ఏమాత్రం తీసిపోలేదు.

దీనినిబట్టి హాజాప్ బృందానికి ఒక సూచన దొరుకుతున్నది. ‘ఏమి కావచ్చు’ అన్న ప్రశ్న అడిగే పూటలు గడ్డపోతారంలోనే, ఒకే బల్ల చుట్టూ జరగాలి. ‘ఈ మూడు ఉపాయాలలో ఏది చేద్దాం’ అన్న నిర్ణయం మటుకు నగరం నుండి తెరమీద చేరినా నష్టం లేదు. కాని ఆచరణలో తరచు దీనికి తలక్రిందులుగా జరుగుతుంది; నిర్ణయానికి పెద్దలందరూ కారులలో వస్తారు, ప్రశ్నలకు తెర చాలునంటారు.

కంప్యూటరు పటానికి మరొక రెండు గుణాలున్నవి. వాటి విషయంలో కాగితం దానితో పోటీపడలేదు. ఒకటి జ్ఞాపకం. కాగితంపై ఎర్ర పెన్సిలుతో దిద్దిన మార్పు ఆ కాగితంమీదనే ఉంటుంది. కార్యాలయంలో ఒక ప్రతి, వర్క్‌షాపులో ఒక ప్రతి, కంట్రోలు గదిలో నూనె మరకల ప్రతి ఒకటి; ఏడాది తిరిగేసరికి మూడూ మూడు కర్మాగారాలను చూపుతవి. కంప్యూటరులో ఒక్కటే మూలప్రతి. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చినారో దానిలోనే నమోదవుతుంది. రెండవది ఎత్తు. గీతల పటంలో ఏ తొట్టి ఎంత ఎత్తున ఉన్నదో తెలియదు. మన ఉదాహరణలోని అపాయమంతా పై తొట్టి ‘పైన’ ఉండడంవల్ల వచ్చినదే గదా! వెనుకటి రోజుల్లో పెద్ద కర్మాగారాలకు ప్లాస్టిక్కుతో, సుమారు ముప్పైమూడోవంతు కొలతలో, గొట్టం గొట్టంతో సహా బొమ్మ కట్టేవారు. ఇంజనీర్లు, ఆపరేటర్లు దాని చుట్టూ తిరిగి, ఈ వాల్వుకు చెయ్యి అందదని, ఈ మెట్ల నుండి పరుగెత్తలేమని చెప్పేవారు. 1970ల నుండి ఆ పనిని క్రమంగా కంప్యూటరు బొమ్మలు తీసుకొన్నవి. తెరమీద కట్టడమంతా తిప్పి చూడవచ్చు. అయితే ప్లాస్టిక్కు బొమ్మ చుట్టూ పదిమంది నిలబడేవారు; తెర ముందు మౌస్ పట్టినవాడు ఒక్కడు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, అపాయకరమైన ప్రక్రియలున్న కర్మాగారాలలో భద్రతా సంఘం ఉండాలని, అందులో యాజమాన్యం వారెందరో కార్మిక ప్రతినిధులు కూడా అందరే ఉండాలని నియమం చేర్చినారు. చట్టం వారిని గదిలోకి పిలిచినది. గదిలోకి వచ్చిన తర్వాత వారి నోటి మాట పటంమీదికి ఎక్కేటట్లు చేయడం పటం ఎట్లా ఉంచినారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఈ మధ్య కొన్నిచోట్ల అనుసరిస్తున్న పద్ధతి ఏమంటే, కంప్యూటరులోని తాజా పటాన్ని ఆ రోజు తేదీతో పెద్ద కాగితంపై అచ్చువేసి బల్లమీద పరుస్తారు. వ్రాయసకాడు తన నమోదును వేరే చిన్న తెరమీద చేసుకొంటాడు. అందరూ అతడు టైపు చేసే అక్షరాలను చూస్తూ కూర్చోకుండా ఉండడానికి ఇది అవసరం. చర్చ మొదలయ్యే ముందు ఒక్కొక్కరు తమకు తోచిన అపాయాలను చీటీలపై వ్రాసి పటంమీద ఆయా చోట్ల పెడతారు. ఆ తర్వాత సూచక పదాలతో ఒక్కొక్క గీత. మధ్యాహ్నం కాగితాన్ని చుట్టి పట్టుకొని అందరూ ప్లాంటులోకి నడిచి, గీసినది, కట్టినది ఒకటేనా అని సరిచూస్తారు. మన రియాక్టరు దగ్గర ఆపరేటరు పై తొట్టి వైపు చూపి, కరెంటు పోయినా అది దిగుతూనే ఉంటుందని చెప్పేది అప్పుడు. స్టిరర్ ఆగగానే స్ప్రింగు బలంతో తనంత తానే మూసుకొనే వాల్వు గుర్తును ఆ గొట్టంపై ఎర్ర పెన్సిలుతో గీస్తారు. సాయంత్రానికి అది కంప్యూటరు పటంలో చేరి, మూలన ఉన్న సవరణ సంఖ్య 3 నుండి 4కు మారుతుంది. పాత కాగితాన్ని గోడనుండి తీసి చించివేస్తారు.